మొగ దగ్గర గాలం: శ్రీకాకుళం, విజయనగరం తీరంలో చేపల వేటకు సమగ్ర మార్గదర్శి

సముద్రంలో గాలం వేయాలనుకునే కొత్తవాళ్లు ముందు రాడ్ గురించే అడుగుతారు. ఏ కంపెనీది కొనాలి, ఎన్ని అడుగులు ఉండాలి, రీలు ఏ సైజు. మన తీరానికి వస్తే ఆ ప్రశ్న చివర్లో అడగాల్సింది. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది, రాష్ట్రంలో ఏ జిల్లాకూ ఇంత లేదు. విజయనగరానికి భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లో 28 కిలోమీటర్లు. ఇందులో ఎక్కువ భాగం తిన్నగా సాగిపోయే ఇసుక ఒడ్డే. విశాఖ వైపు ఉన్నట్టు కొండరాళ్లు సముద్రంలోకి దిగే చోట్లు ఇక్కడ తక్కువ. చేప ఆగి తినడానికి ఏదో ఒక ఆసరా కావాలి కదా. ఇక్కడ ఆ ఆసరా నది కలిసే చోటు, అంటే మొగ. మొగ, పోటు, నీటి రంగు, ఈ మూడూ తెలిస్తే మామూలు రాడ్‌తో కూడా చేప పడుతుంది. తెలియకపోతే ఎంత ఖరీదైన రాడ్ పట్టుకెళ్లినా ఉప్పుగాలి పీల్చి ఇంటికి రావడమే.

మొదటి మెట్టు: నెల చూసుకోండి

ఇక్కడి సముద్రం ఏడాది పొడవునా వెచ్చనిదే. చలికాలంలో ఉపరితలం నీరు సుమారు 25, 26 డిగ్రీలు ఉంటుంది, మే నెలకు 30 దాకా వెళ్తుంది. అంకెల్లో తేడా చిన్నదే కానీ చేప ప్రవర్తన దాంతోనే మారిపోతుంది. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది. అందుకే వేసవిలో తెల్లవారుజామున, సందె వేళ తప్ప పెద్ద చేప లోతు తక్కువ నీళ్లలోకి రాదు. మే నెల మధ్యాహ్నం గాలం పట్టుకుని నిలబడటం వడదెబ్బకు తప్ప ఎందుకూ పనికిరాదు.

నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి వరకు సముద్రం నెమ్మదిగా ఉంటుంది. కనాగంతలు, కవ్వళ్లు గుంపులుగా ఒడ్డుకు దగ్గరగా వస్తాయి. వాటి వెనకే వాటిని వేటాడే పార, కోనాం (వంజరం). పడవ మీద వెళ్లాలనుకునేవాళ్లకు ఇదే సరైన కాలం. మార్చి నుంచి నైరుతి గాలి తీరం వెంబడి వీయడం మొదలవుతుంది. ఆ గాలికి పైనున్న వెచ్చటి నీరు లోపలికి జరిగి, అడుగు నుంచి చల్లటి, పోషకాలున్న నీరు పైకి వస్తుంది. నీళ్లు పచ్చబారి చిన్న చేప పెరుగుతుంది. అయితే పచ్చదనం మరీ చిక్కగా కనబడిన రోజు ఒడ్డు నుంచి ఏమీ పడకపోవచ్చు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరమంతా వేట నిషేధం. ఇది ఇంజన్ ఉన్న పడవలకు వర్తిస్తుంది. సరదా వేటే కదా అని ఇంజన్ పడవ ఎక్కించుకోమని ఎవర్నీ బతిమాలకండి. పట్టుబడితే నష్టపోయేది ఆ పడవ యజమాని, మీరు కాదు.

జులై నుంచి సెప్టెంబర్ వరకు వంశధార, నాగావళి వరద నీరు తెస్తాయి. కెరటం పెద్దది, నీళ్లు ఎర్రమట్టి రంగు. చాలామంది ఈ నెలల్లో గాలం అటక మీద పెట్టేస్తారు. నేనైతే వరద తగ్గిన నాలుగైదు రోజుల తర్వాత, నీళ్లు కొంచెం తేరుకునే సమయం కోసం ఎదురుచూస్తాను. నది నుంచి కొట్టుకొచ్చే రొయ్య, చిన్న చేప కోసం పండుగప్ప, మాగ మొగ దగ్గరే తచ్చాడుతుంటాయి. నా లెక్కలో ఒడ్డు మీది వేటకు అంతకన్నా మంచి రోజులు లేవు.

అక్టోబర్ సంగతి వేరే చెప్పాలి. తిత్లీ తుఫాను 2018 అక్టోబర్ 11న పలాస వైపు తీరం దాటింది. దానికి ముందు హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న విశాఖను తాకింది. గులాబ్ 2021 సెప్టెంబర్ 26న కళింగపట్నం దగ్గరే తీరం దాటింది. ఈ నెలల్లో ఆకాశం ఎంత తేటగా ఉన్నా వాతావరణ బులెటిన్ చూడకుండా బయల్దేరకండి.

రెండో మెట్టు: తిథి, పోటు

పంచాంగం ఇంట్లో ఉంటే సగం పని అయిపోయినట్టే. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుకూ (నీరు ఎక్కడం) పాటుకూ (నీరు దిగడం) మధ్య నీటిమట్టం తేడా ఈ తీరంలో సుమారు ఒకటిన్నర మీటరు. అష్టమి దగ్గర అది బాగా తగ్గిపోతుంది. తేడా ఎక్కువున్న రోజుల్లో మొగలో నీళ్లు జోరుగా పారతాయి, చిన్న చేప ఆ పారుదలకు ఎదురు నిలవలేదు, పెద్ద చేపకు మేత సులువు. మరీ పౌర్ణమి రోజునే వెళ్లకండి, నీటి లాగుడుకు గాలం నిలవదు. దానికి రెండు రోజులు ముందో, రెండు రోజులు తర్వాతో బాగుంటుంది.

రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఈరోజు పోటు ఏ సమయానికి వచ్చిందో రేపు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఒక్కరోజు ఒడ్డున నిలబడి సమయం రాసుకుంటే వారం రోజులకు మీరే లెక్క వేసుకోవచ్చు. ఫోన్ యాప్‌లు విశాఖ రేవు సమయాలు చూపిస్తాయి. సముద్రం ఒడ్డున అవి సరిపోతాయి కానీ నదిలోపల సరిపోవు. బయట పోటు పూర్తయిన తర్వాత కూడా మొగలో నీళ్లు కొంతసేపు లోపలికే పారుతూ ఉంటాయి. ఆ ఆలస్యం ఎంతో ఆ మొగ లోతు మీద, వెడల్పు మీద ఆధారపడుతుంది. కాబట్టి చోటును బట్టి మీరే చూసి రాసుకోవాలి.

వేటకు నేను ఎంచుకునే సమయం పాటు మొదలైన మొదటి రెండు గంటలు. నదిలోపల మేసిన రొయ్య, చిన్న చేప అప్పుడే బయటికి కొట్టుకొస్తాయి. ఆ రెండు గంటలు సూర్యోదయంతోగానీ, సూర్యాస్తమయంతోగానీ కలిసిన రోజు దొరికితే సెలవు పెట్టుకోవచ్చు.

మూడో మెట్టు: బయల్దేరే ముందు రాత్రి

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్ర స్థితి అంచనాలు ఇస్తుంది. వాళ్ల వెబ్‌సైట్‌లోనూ, సముద్ర అనే యాప్‌లోనూ దొరుకుతాయి. అందులో మూడు అంకెలు చూడండి: అల ఎత్తు, గాలి వేగం, రెండు అలల మధ్య ఎన్ని సెకన్లు. మూడోదాన్ని అందరూ వదిలేస్తారు. ఆ వ్యవధి ఐదారు సెకన్లు ఉంటే అది స్థానిక గాలి లేపిన అల. పన్నెండు, పద్నాలుగు సెకన్లు ఉంటే ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో పుట్టి వచ్చిన అల. అలాంటి అల ఒక మీటరే అని రాసి ఉన్నా ఒడ్డుకు వచ్చేసరికి లేచి విరుచుకుపడుతుంది. గాలి లేదు, ఆకాశం నీలంగా ఉంది, అయినా కెరటం మనిషిని పడేసే రోజులు మార్చి నుంచి మే మధ్య ఉంటాయి.

అల ఎత్తు ఒకటిన్నర మీటరు దాటితే ఒడ్డున వేట మానేసి మొగ లోపలి గట్టుకు వెళ్లండి. రెండు దాటితే ఇంట్లో ఉండి గాలాలు సరిచేసుకోండి. కళింగపట్నం రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వార్తల్లో వింటే, అది ఒకటో నంబరైనా సరే, ప్రయాణం వాయిదా వేయండి.

నాలుగో మెట్టు: చోటు

ఉత్తరం నుంచి వస్తే ఒడిశా సరిహద్దు దగ్గర బాహుదా, బారువ దగ్గర మహేంద్రతనయ, కళింగపట్నం దగ్గర వంశధార, కల్లేపల్లి వైపు నాగావళి, కోనాడ దగ్గర చంపావతి. వీటి మధ్య చిన్నచిన్న గెడ్డలు, ఉప్పుటేర్లు చాలా ఉన్నాయి. కొత్తవాళ్లకు కళింగపట్నం చెబుతాను. రోడ్డు బాగుంటుంది, దీపస్తంభం గుర్తుగా పెట్టుకోవచ్చు, మొగ పెద్దది. చంపావతి మొగ చిన్నది, విజయనగరం వాళ్లకు దగ్గర. అక్కడ తేలిక రాడ్ చాలు. భావనపాడు వైపు నౌపడ ఉప్పు మళ్ల దగ్గరి ఉప్పుటేరు పండుగప్పకు మంచిది, బురద మాత్రం మోకాలి దాకా. బారువ దగ్గర నీటి అడుగున పాత ఓడ శిథిలం ఉంది. దాని చుట్టూ చేప చేరుతుంది కానీ ఒడ్డు నుంచి గాలం అంతదూరం అందదు.

మొగ ఎప్పుడూ ఒకచోట ఉండదు. వరద వచ్చిన ప్రతిసారీ ఇసుక మేటలు జరుగుతాయి. నిరుడు మీరు నిలబడ్డ చోట ఈ ఏడు నిలువెత్తు లోతు ఉండవచ్చు. అందుకే ఊరివాళ్లను అడగాలి. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన దగ్గర కూర్చుని "తాతా, ఈ ఏడు మొగ ఎటు తిరిగింది?" అంటే, ఏ యాప్ చెప్పని సంగతులు చెబుతారు. మీరు నిలబడి ఉండగా వెనక నుంచి "ఏటి బావూ, ఏటైనా పడిందా?" అన్న పలకరింపు తప్పదు. నవ్వి జవాబు చెప్పండి, రెండోసారికి ఆయనే చోటు చూపిస్తారు. ఒడ్డు నుంచి పెద్దవల లాగుతుంటే మీ గాలం వెంటనే తీసేయండి. అది వాళ్ల కూడు, మనది సరదా.

ఐదో మెట్టు: నీళ్లు చదవడం

గాలం విప్పకముందు పదిహేను నిమిషాలు ఎత్తైన ఇసుక మీద నిలబడి చూడండి. చూడవలసినవి ఇవి.

రంగు గీత. నది తెచ్చే మట్టినీళ్లూ సముద్రపు పచ్చ నీళ్లూ కలిసే చోట స్పష్టమైన అంచు కనబడుతుంది. అక్కడ నురగ, ఆకులు, గడ్డి తేలుతుంటాయి. మట్టివైపు చిన్న చేప దాక్కుంటుంది, తేటవైపు పెద్దది కాపు కాస్తుంది. మీ ఎర ఆ అంచు దాటి తేటవైపు పడి, పారుదలతో అంచు వెంబడి సాగాలి. పాటు సమయంలో ఈ గీత సముద్రంలోకి జరుగుతుంది, పోటుకు వెనక్కి వస్తుంది. గీత మీకు అందే దూరంలో ఉన్నంతసేపే అసలు వేట.

కెరటం విరగని చోటు. అటూ ఇటూ తెల్లగా విరుగుతూ మధ్యలో ఒక పట్టీ మాత్రం నల్లగా, నునుపుగా ఉందంటే అక్కడ లోతు ఎక్కువ. చేప ఒడ్డుకు వచ్చి పోయే దారి అదే. ఈతకు దిగినవాళ్లను లోపలికి లాగేసే పారుదల కూడా అదే. గాలం అందులో వేయండి, మీరు మాత్రం దిగకండి. ఎప్పుడైనా కాలు తప్పి అందులో పడితే ఒడ్డువైపు ఎదురీదవద్దు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, కెరటం విరిగే చోటికి చేరితే అదే బయటికి తోస్తుంది.

పక్షులు. సముద్రపు కాకులు, రేవుపిట్టలు ఒకేచోట నీళ్ల మీద మునిగి లేస్తుంటే కింద కవ్వళ్ల గుంపు ఉంది, దాని కింద పార ఉండొచ్చు. పక్షులు తీరిగ్గా ఇసుక మీద కూర్చుని ఉంటే మీకూ తొందర లేదు.

ఒడ్డు దగ్గరి గాడి. మొదటి ఇసుక మేటకూ ఒడ్డుకూ మధ్య కాలువలాంటి లోతు ఉంటుంది, ఒక్కోసారి ఇరవై ముప్పై మీటర్ల దూరంలోనే. సందె చీకట్లో మాగ, గొరసలు అందులోనే తిరుగుతాయి. వంద మీటర్లు విసరాలన్న పిచ్చితో చాలామంది చేప తల మీదుగా గాలం వేస్తుంటారు.

ఆరో మెట్టు: సామాను

ఇప్పుడు రాడ్ సంగతి. ఒడ్డు మీద 10 నుంచి 12 అడుగుల సర్ఫ్ రాడ్, 5000 లేదా 6000 సైజు స్పిన్నింగ్ రీలు. ఉప్పుటేర్లలో 7 అడుగుల రాడ్, 3000 లేదా 4000 రీలు. తాడు 30 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం), దాని ముందు ఎర వైపు 40 పౌండ్ల మోనో (ఒంటిపోగు నైలాన్) లీడర్ రెండు బారలు. పండుగప్ప చెంప మూత అంచు కత్తిలా ఉంటుంది, లీడర్ లేకపోతే తాడు తెగుతుంది. డ్రాగ్‌ను, అంటే చేప లాగినప్పుడు రీలు తాడు వదిలే బిగువును, తాడు బలంలో నాలుగో వంతు దగ్గర బిగించండి. ఇంట్లోనే తూకం కాటా కొక్కేనికి తాడు కట్టి లాగి చూడొచ్చు.

గాలం కట్టే వరస ఇది. లీడర్‌లోకి ముందు జారే సీసం ఎక్కించండి, నీటి జోరును బట్టి 60 నుంచి 120 గ్రాములు. తర్వాత ఒక పూస, దాని తర్వాత స్వివెల్ (తాడు మెలిపడకుండా తిరిగే రెండు కళ్ల లోహపు ముక్క) కట్టండి. స్వివెల్ రెండో కంటికి రెండడుగుల తాడు, చివర 4/0 సైజు సర్కిల్ హుక్ (మొన లోపలికి వంగిన గుండ్రటి కొక్కెం). ముడికి యూనీ నాట్ చాలు. బిగించే ముందు ఉమ్మి తడి చేయండి, పొడిగా బిగిస్తే రాపిడి వేడికి మోనో దెబ్బతింటుంది. సర్కిల్ హుక్ ఎందుకంటే అది చేప నోటి మూలలో పడుతుంది, కడుపులోకి పోదు. వదిలేయాలనుకున్న చేప బతుకుతుంది.

వీటితోపాటు పొడుగు ముక్కు పటకారు, కత్తి, తలకు కట్టే లైటు, మందపాటి గ్లోవ్, అడుగు గట్టిగా ఉన్న చెప్పులు, రెండు లీటర్ల నీళ్లు.

ఏడో మెట్టు: ఎర

బతికిన రొయ్యకు మించింది లేదు. మొగ దగ్గర విసురువల వేసేవాళ్ల దగ్గరే కొనండి. బతికిన రొయ్యకు హుక్ తోక దగ్గరి కణుపులో గుచ్చాలి, తల దగ్గర గుచ్చితే వెంటనే చస్తుంది. గొరసలకు రొయ్య ముక్క చాలు. పారకు కవ్వళ్లు సగానికి కోసినవి. చెరువు రొయ్యలు మెత్తబడి రెండు విసుర్లకే ఊడిపోతాయి, నాకు నచ్చవు.

కృత్రిమ ఎరల్లో మూడు ఉంటే చాలు: 40 గ్రాముల మెటల్ జిగ్ (బరువైన లోహపు ఎర), పన్నెండు సెంటీమీటర్ల మిన్నో (చిన్న చేప ఆకారపు ఎర), ఒక పాపర్ (నీటి మీద చప్పుడు చేసే ఎర). మట్టినీళ్లలో ముదురు రంగు, తేటనీళ్లలో వెండి రంగు.

ఎనిమిదో మెట్టు: పడ్డాక

సర్కిల్ హుక్ వేసినప్పుడు చేప లాగగానే రాడ్ జాడించకండి. తాడు బిగుసుకునే దాకా ఆగి, నెమ్మదిగా రీలు తిప్పండి, అదే గుచ్చుకుంటుంది. పండుగప్ప గాలిలోకి ఎగిరి తల విదిలిస్తుంది. ఆ క్షణం రాడ్ కొన కిందికి దించాలి. పార మాత్రం ఎగరదు, పక్కకు తిరిగి బరువుగా గుంజుతుంది. దాన్ని కెరటంతో పాటు ఒడ్డుకు తేవాలి, కెరటం వెనక్కి పోయేటప్పుడు లాగితే తాడు తెగుతుంది. వేడి నీళ్లలో చేపతో ఎక్కువసేపు ఆడితే వదిలినా బతకదు. తొందరగా తెచ్చి, తడి చేతులతో పట్టుకుని, ముఖం కెరటానికి తిప్పి వదలండి.

ఏది ఉంచుకోవాలి? పండుగప్ప మొదట మగగా పెరిగి, కొన్నేళ్లకు ఆడగా మారుతుంది. వానాకాలంలో గుడ్లు పెట్టడానికి మొగల దగ్గరికి వస్తుంది. అంటే మీకు దొరికే పెద్దది దాదాపుగా గుడ్ల తల్లి. ఫొటో తీసుకుని వదిలేయండి, పులుసుకు రెండు మూడు కిలోలది చాలు. కోనాం సుమారు 70 సెంటీమీటర్లు దాటితేగానీ గుడ్లు పెట్టే వయసుకు రాదు, చిన్నవి వదిలేయాలి.

జెల్ల పడితే చేత్తో ముట్టకండి. వీపు మీద ఒకటి, పక్కల రెండు ముళ్లు ఉంటాయి, విషం ఉంటుంది. టేకు చేప తోక ముల్లు ఇంకా ప్రమాదం. నీళ్లలో నడిచేటప్పుడు అడుగు ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడుస్తూ నడిస్తే అది తప్పుకుంటుంది. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, సుమారు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర ఉంచండి, నొప్పి తగ్గుతుంది. ముల్లు విరిగి లోపల ఉండిపోతే ఆసుపత్రికి వెళ్లాలి. పొట్ట ఉబ్బించుకునే పఫర్ చేపను ఎట్టి పరిస్థితుల్లోనూ తినకండి, వండినా దాని విషం పోదు.

జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ ఒడ్డున గుడ్లు పెడతాయి. రాత్రి వేటలో లైట్లు సముద్రంవైపు తిప్పకండి, ఎర్ర కాంతి వాడండి. తాబేలు చట్టం రక్షణలో ఉన్న జీవి. తాడులో చిక్కితే తాడు కోసి వదిలి, అటవీ శాఖకు చెప్పండి.

తొమ్మిదో మెట్టు: పడవ మీద

ఒడ్డు వేటలో చేయి తిరిగాకే పడవ. మన వైపు ఫైబర్ పడవలు తెల్లవారకముందే కెరటాలు దాటి వెళ్తాయి. ఆ దాటడమే అన్నిటికన్నా ప్రమాదమైన ఘట్టం. లైఫ్ జాకెట్ ఒడ్డునే వేసుకోండి, మధ్యలో కూర్చోండి, సరంగు (పడవ నడిపే మనిషి) చెప్పేదాకా లేవకండి. మత్స్యశాఖ లైసెన్సు ఉన్న పడవే చూసుకోండి, ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి, తీర పోలీసులు అడుగుతారు. సముద్రంలో ఆపద వస్తే కోస్ట్ గార్డ్ నంబరు 1554.

కోనాం కోసం ఎరను పడవ వెనక లాగుతూ వెళ్లాలి. దాని పళ్లకు మోనో ఆగదు, ఒక అడుగు స్టీలు తీగ కట్టండి. ఇన్‌కాయిస్ రేవులవారీగా చేప ఉండే దిక్కు, దూరం, లోతు చెబుతుంది. ఉపగ్రహం చూసి ఇచ్చే సమాచారం కాబట్టి మబ్బు పట్టిన రోజుల్లో అది రాకపోవచ్చు. ఎక్కువ రోజుల్లో సరంగు మాటే నమ్మండి. కొమ్ములా పొడుచుకొచ్చిన ముక్కు ఉండే కొమ్ముకోనాం తగిలితే ఆశపడకండి. దాని కొమ్ముకు మనుషులు చచ్చిపోయిన సంఘటనలు మన సముద్రంలోనే ఉన్నాయి. చిన్న పడవలోకి లాగడం కంటే తాడు కోయడం మేలు.

చివరి మెట్టు: ఐసు, కడుగుడు

ఈ వేడిలో చేప గంటలోనే చెడటం మొదలవుతుంది. కనాగంత, సూరలాంటివి సరిగా చల్లబరచకపోతే హిస్టమిన్ పేరుకుంటుంది, తిన్నవాళ్లకు ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. తర్వాత ఎంత ఉడికించినా అది పోదు. పట్టగానే చెంపల దగ్గర కోసి రక్తం పోనిచ్చి, చేప బరువుకు సమానంగా ఐసు వేసి, కొంచెం సముద్రపు నీళ్లు కలపండి. ఉత్త ఐసు గడ్డల కంటే ఆ నీళ్లు చేపను తొందరగా చల్లబరుస్తాయి. ఐసు ఊరి దగ్గర దొరుకుతుందని నమ్ముకోకుండా టౌన్‌లోనే కొనుక్కుని వెళ్లండి.

ఇంటికి రాగానే రీలు డ్రాగ్ బిగించి, మంచినీళ్లు సన్నగా పోసి కడగండి. పైపు జోరుగా కొడితే ఉప్పు ఇంకా లోపలికి పోతుంది. ఆరాక డ్రాగ్ వదులు చేసి పెట్టండి. పడుకునే ముందు నోట్‌బుక్‌లో తిథి, పోటు సమయం, నీటి రంగు, గాలి దిక్కు, ఏ ఎరకు ఏది పడింది రాయండి. ఏమీ పడని రోజు కూడా రాయండి. ఒక వానాకాలం, ఒక చలికాలం గడిచేసరికి మీ మొగకు సరిపోయే క్యాలెండర్ మీ చేతుల్లోనే ఉంటుంది.